కారం చేతుల బాబాయి

మా వదినకు టీచరు ఉద్యోగం వచ్చిన నెలలోపే గుంటూరులో పది రోజుల ట్రైనింగ్ వేశారు. అక్కడే ఉండి చేయాలి, రోజూ వచ్చి పోవడం కుదరదు. మూడోసారి పరీక్ష రాస్తే వచ్చిన ఉద్యోగం అది. మా అన్నది నడికుడి స్టేషన్లో పని, సరిగ్గా ఆ రోజుల్లోనే రాత్రి డ్యూటీలు పడ్డాయి. సాయంత్రం బయల్దేరితే మళ్ళీ తెల్లారి వస్తాడు. వదిన వాళ్ళమ్మ మోకాలి ఆపరేషన్ చేయించుకుని మంచం మీద ఉంది. ఇక మిగిలింది నేను. పెళ్ళి కాలేదు, ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు లేరు, మా ఊరి నుంచి గురజాలలో వాళ్ళుండే ఇంటికి బండి మీద ఇరవై నిమిషాలు. ఇద్దరు పిల్లల్ని రాత్రిపూట చూసుకోవడానికి ఇంతకంటే అర్హతలేం కావాలని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

వెళ్ళే ముందురోజు వదిన నన్ను వంటింట్లో కూర్చోబెట్టి రెండు విషయాలు చెప్పింది. మొదటిది పిల్లల సంగతి. పెద్దదానికి ఏడేళ్ళు, దాంతో గొడవ లేదు, పక్క వేస్తే పది నిమిషాల్లో నిద్రపోతుంది. చిన్నోడికి మూడేళ్ళు. వాడికి కథలూ పాటలూ అక్కర్లేదు. మన అరచెయ్యి వాడి చెంప కింద పెడితే చాలు, దానిమీద మొహం అటూ ఇటూ రుద్దుకుని అలాగే నిద్రపోతాడు. చెయ్యి మాత్రం ఉండాలి. దిండు పెట్టి మోసం చేయబోతే కనిపెట్టేస్తాడు.

రెండోది నా పెళ్ళి. నాకు ముప్పై తొమ్మిది నిండాయి, సేద్యం చేస్తాను. మా వైపు ఇప్పుడు ఎన్ని ఎకరాలున్నా పొలం పని చేసేవాడంటే అమ్మాయిలు వద్దంటున్నారు. వాళ్ళనీ తప్పుపట్టలేను, ఎండలో తిరిగి తిరిగి ఎలా తయారయ్యానో మా ఇంటి అద్దం నాకు రోజూ చెబుతూనే ఉంది. వదిన మాత్రం పట్టు వదల్లేదు. ముప్పాళ్ళలో మందుల షాపులో పనిచేసే ఒకామె గురించి కనుక్కుని వచ్చింది. భర్త పోయి మూడేళ్ళయింది, ఐదేళ్ళ కూతురు ఉంది. ఆమెతో నేను ఒకసారి ఫోన్లో మాట్లాడాను. నెమ్మదిగా, తడబడకుండా మాట్లాడింది, నాకు నచ్చింది. కానీ పిల్ల దగ్గరకు వచ్చేసరికి వెనక్కి తగ్గాను.

"మనది కాని పిల్ల మన దగ్గరకొస్తదా వదినా?" అన్నాను.

"పిల్ల ఉంటే ఏంది, కొరుకుద్దా?" అంది వదిన. నేను నవ్వలేదు. అది చూసి ఆమె కూడా గొంతు తగ్గించి, వాళ్ళు ఎన్నాళ్ళని ఎదురుచూస్తారు, తను ట్రైనింగ్ నుంచి వచ్చేసరికి ఔననో కాదనో ఏదో ఒకటి చెప్పమంది. అలా పది రోజుల గడువు పెట్టి గుంటూరు బస్సెక్కింది.

మొదటి రాత్రి అంతా సవ్యంగానే మొదలైంది. ఇద్దరికీ పెరుగన్నం పెట్టాను. వదిన వీడియో కాల్ చేస్తే చిన్నోడు ఫోనును ముద్దు పెట్టుకుని, అమ్మ కట్ చేశాక రెండు నిమిషాలు ఏడ్చాడు. వాళ్ళను చెరోపక్క పడుకోబెట్టుకుని, వదిన చెప్పినట్టే చిన్నోడి చెంప కింద నా అరచెయ్యి పెట్టాను. వాడు కళ్ళు మూసుకుని మొహం అటూ ఇటూ రుద్దుకున్నాడు. ఎంత తేలిక పని, దీనికా ఇన్ని జాగ్రత్తలు చెప్పింది అనుకున్నాను.

మరుక్షణం వాడు పెట్టిన కేకకు పెద్దది లేచి కూర్చుంది.

మిరపకాయలు పండించేవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు అది. ఆరోజు పొద్దుటి నుంచి నేను కల్లంలో ఉన్నాను. మా కాయ ఎండి, కూలీలు రంగుపోయిన తాలుకాయలు ఏరుతుంటే, నేను మంచికాయను దోసిళ్ళతో ఎత్తి టిక్కీల్లో, అదే గోనెసంచుల్లో, పోసి తొక్కాను. సాయంత్రం సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను, నా లెక్కలో అవి శుభ్రమైన చేతులే. ఇరవై ఏళ్ళుగా కారంలో నానిన చేతులకు మంట తెలియదు. నాకు తెలియనంత మాత్రాన అది పోయినట్టు కాదని నా బుర్రకు తట్టలేదు. చిన్నోడి చెంపకు, కళ్ళకు స్వయంగా నేనే కారం పూశాను. కంగారులో చేసిన తెలివితక్కువ పని ఇంకొకటి ఉంది. వాడి కన్నీళ్ళు అదే చేత్తో తుడిచాను.

పెద్దది లేకపోతే ఏమయ్యేదో. అది వాణ్ణి బాత్రూంలోకి లాక్కెళ్ళి, నన్ను వెనక్కి ఉండమని చెప్పి, మగ్గుతో నీళ్ళు పోసి పోసి కడిగింది. నేను గుమ్మంలో నిలబడి చేతులు పైకి పట్టుకున్నాను, పోలీసులకు దొరికినవాడిలా. కాసేపటికి కళ్ళు తెరవగలిగాడు. తెరిచి మొదట చూసింది నా చేతుల్నే. అక్క వెనక్కి వెళ్ళి దాక్కున్నాడు. ఆ రాత్రి అక్క చెయ్యి మీద పడుకుని, ఏడ్చి ఏడ్చి అలిసిపోయి నిద్రపోయాడు.

మర్నాడు వదిన ఫోన్ చేసినప్పుడు అంతా బాగుందని చెబుదామనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే పెద్దది ఫోన్ లాక్కుని, బాబాయి తమ్ముడి కంట్లో కారం పెట్టాడని చెప్పేసింది. వదిన అరవలేదు. చిన్నోణ్ణి ఫోను దగ్గరకు పిలిచి కళ్ళు చూసింది, ఎర్రగా లేవని నిర్ధారించుకుంది. తర్వాత నాతో, నేను వచ్చేయనా అని అడిగింది.  మూడుసార్లు పరీక్ష రాసిన మనిషి నా చేతుల మూలంగా ట్రైనింగ్ మధ్యలో వదిలేసి రావాలా? వద్దు, నేను చూసుకుంటానన్నాను. ఎలా చూసుకుంటానో నాకే తెలియదు.

రెండో రాత్రి, మూడో రాత్రి వాడు నన్ను మంచం మీదకు రానివ్వలేదు. చెయ్యి తువ్వాలులో చుట్టుకుని పెట్టి చూశాను. విప్పి చూసి, లోపల నా చెయ్యే ఉందని కనిపెట్టి నెట్టేశాడు. మంచం కిందే చాప వేసుకుని పడుకున్నాను. చెప్పొద్దూ, నాకు ఉక్రోషం వచ్చింది. అన్నం తినిపిస్తే తింటాడు, బండి మీద తిప్పితే తిరుగుతాడు, నిద్ర దగ్గరకు వచ్చేసరికి నేను పరాయివాణ్ణి. పుట్టిన దగ్గర్నుంచి ఎత్తుకు తిప్పిన సొంత అన్న కొడుకే ఒక్క మంటకు ఇంత దూరం పెడితే, ముప్పాళ్ళలో ఉన్న ఆ పిల్ల సంగతేమిటి? దానికి నేనెవరు? ఒకరోజు కోప్పడితేనో, తెలియక ఇంకేదో చేస్తేనో, అది ఎవరి వెనక్కి పోయి దాక్కుంటుంది? కాదని చెప్పేయడమే మేలని మూడో రాత్రి చాప మీద గట్టిగా అనుకున్నాను. అనుకున్నాక తేలికపడాలి కదా. పడలేదు.

నాలుగో రోజు నుంచి మిరపకాయ ముట్టుకోకూడదని తీర్మానించుకున్నాను. పంట కల్లంలో ఉండగా రైతు ఇలాంటి తీర్మానం చేసుకోవడం ఎంత తిక్కపనో చెప్పనక్కర్లేదు. గురజాల మందుల షాపులో రబ్బరు తొడుగులు కొనుక్కుని పోయాను, గంటలో చిరిగిపోయాయి. కాయను కాళ్ళతో తిరగేశాను, అది ఎటూ కాళ్ళతో చేసే పనే. టిక్కీలు తొక్కే పనికి ఇంకో మనిషిని పెట్టాను. మిగతా సమయం చేతులు వెనక్కి కట్టుకుని కల్లం చుట్టూ పెత్తందారులా తిరిగాను. తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకోవడం కనబడుతూనే ఉంది.

చివరికి వాళ్ళలో పెద్దావిడ, నేను చిన్నప్పట్నుంచి పిన్నీ అని పిలిచే మనిషి, ఉండబట్టలేక అడిగింది. "ఏందబ్బాయ్, చేతులు దాచుకుంటన్నావు. పెళ్ళేమన్నా కుదిరిందా ఏంది?"

నలుగురూ ఘొల్లుమన్నారు. పెళ్ళికొడుకు చేతులు మెత్తబడాలని కారం మానేశాడన్నది వాళ్ళ లెక్క. ఇంకో రోజైతే నేనూ రెండు మాటలు అని నవ్వేవాణ్ణి. ఆరోజు మాత్రం మీ పని మీరు చూసుకోండి అని కసిరాను. అంత కోపం రావడంతో వాళ్ళకు అనుమానం కాస్తా నిజమైపోయింది. సాయంత్రానికి ఊళ్ళో ఇద్దరు నన్ను ఆపి, ఏ ఊరి సంబంధం అని అడిగారు.

గురజాల వెళ్ళాక అసలు పరీక్ష ఉండేది. మా పెద్దదే పరీక్షాధికారి. అది ఏ సినిమాలో చూసిందో, సొంతంగా కనిపెట్టిందో గానీ, నా చెయ్యి పట్టుకుని ఒక్కో వేలి మీదా నాలుక కొన ఆనించి చూసేది. నాలుగో రాత్రి బొటనవేలి దగ్గరే మొహం చిట్లించి, ఇంకా ఉందని చెప్పి నీళ్ళు తాగింది. నేను కొబ్బరినూనె రాసుకున్నాను, మజ్జిగలో చేతులు పెట్టుకుని కూర్చున్నాను, గోళ్ళు మొదలంటా కత్తిరించుకున్నాను. చిన్నోడు గోడకు ఆనుకుని ఇదంతా చూస్తూ ఉండేవాడు. దగ్గరకు రాడు, చూడటం మానడు.

ఐదో రాత్రి పెద్దది పది వేళ్ళూ చూసి, లేదని తేల్చింది. చిన్నోడు నమ్మలేదు. నెమ్మదిగా వచ్చి, నా చూపుడువేలు పట్టుకుని, తనూ నాలుక ఆనించాడు. కాసేపు ఆలోచించాడు. ఇంకో వేలు చూశాడు. "లేదు" అన్నాడు అక్కతో, ఆ సంగతి అక్కకు తెలియనట్టు. పడుకుని, నా చెయ్యి లాక్కుని చెంప కింద పెట్టుకున్నాడు.

ఇలా చెబితే ఎవరైనా నవ్వుతారేమో. వాడి మొహం బరువు ఎంతుంటుంది, ఒక కొబ్బరికాయంత కూడా ఉండదు. అరగంటకు చెయ్యి తిమ్మిరెక్కింది, అయినా తీయలేదు. తీస్తే లేస్తాడని కాదు, తీయబుద్ధి కాలేదు. ఆ రాత్రీ ఆ మర్నాడు రాత్రీ నా అంత సంతోషపడ్డ మనిషి గురజాల మొత్తం మీద ఇంకొకడు ఉండడు. ఔనని చెప్పేద్దామా అని కూడా అనిపించింది.

ఏడో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. మామూలు మబ్బు కాదు, పడమర నుంచి నల్లగా దిగివచ్చింది. కల్లం నిండా ఎండిన కాయ పరిచి ఉంది. తడిస్తే బూజు పడుతుంది, ఏడాది కష్టం కళ్ళముందే పాడైపోతుంది. ఇక చేతులేమిటి, తీర్మానమేమిటి. అందరితో పాటు నేనూ మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో దూసి దూసి కుప్పలు పోశాను, పట్టాలు కప్పాను, అంచుల మీద రాళ్ళు పెట్టాను. పది నిమిషాలు వాన కురిసి వెలిసింది. పంటకు ఏమీ కాలేదు. పిన్ని ఊపిరి పీల్చుకుని, నా చేతుల వంక చూసి మళ్ళీ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. రెండు చేతులూ మోచేతుల దాకా ఎర్రటి పొడి అంటుకుని ఉన్నాయి.

గురజాల వెళ్తూ దారి పొడుగునా ఒకటే ఆలోచన. చిన్నోడికి చెప్పకుండా ఏదో ఒక సాకుతో ఆ రాత్రి గడిపేయవచ్చు. తలనొప్పి అనవచ్చు, చెయ్యి నొప్పి అనవచ్చు. వాడికి మూడేళ్ళు, ఏం చెప్పినా చెల్లుతుంది. కానీ పది వేళ్ళూ నాలుకతో చూసి మరీ నమ్మినవాడికి సాకు చెప్పడానికి నాకు మనసొప్పలేదు. వాడు పడుకునే వేళకు మంచానికి ఇవతల కింద కూర్చున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఒరేయ్, ఈరోజు కారం ఉందిరా. వానొచ్చింది, కాయ ఎత్తాల్సొచ్చింది. అక్క దగ్గర పడుకో" అన్నాను.

వాడు నా మొహం చూశాడు. చేతులు చూశాడు. ఏడుస్తాడేమోనని పెద్దది దగ్గరకు జరిగింది. వాడు ఏడవలేదు. మంచం దిగి వచ్చి, వేళ్ళు తగలకుండా నా చొక్కా చెయ్యి పట్టుకుని పైకి లాగాడు. మోచేతి దగ్గర నాలుక ఆనించాడు. మొహం చిట్లించాడు. ఇంకాస్త పైకి జరిగి మళ్ళీ చూశాడు. మూడోసారి భుజానికి జానెడు కింద ఆగి, "ఇక్కడ లేదు" అన్నాడు.

నన్ను మంచం ఎక్కించి, సరిగ్గా అక్కడ తల పెట్టుకుని పడుకున్నాడు. నేను అరచేతులు రెండూ దూరంగా గోడవైపు చాపి, కదలకుండా పడుకున్నాను. పెద్దది ఇటు తిరిగి, నేను ఏడుస్తున్నానా అని గుసగుసగా అడిగింది. కారం అన్నాను. అది నమ్మినట్టే కనబడింది.

ఆ మూడేళ్ళవాడు నేను వాడి బాబాయినని నా దగ్గర పడుకోలేదు. బాబాయినన్న సంగతి వాడికి మొదటి రాత్రి కూడా తెలుసు, అయినా అక్క వెనక దాక్కున్నాడు కదా. నా చేతికి కారం ఉన్నరోజు ఉందని, లేనిరోజు లేదని తెలిస్తే చాలు, మిగతాది వాడే చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ నాది కాని పిల్ల నా దగ్గరకొస్తుందా అని అడుగుతూ వచ్చాను. అన్నీ నా వైపు నుంచే. ఆ పిల్ల వైపు నుంచి ఒక్కసారైనా ఆలోచించలేదని ఆ రాత్రి సిగ్గుపడ్డాను.

పదో రోజు సాయంత్రం వదిన వచ్చింది. పిల్లలిద్దరూ ఆమె మీద ఎక్కి దిగలేదు. చిన్నోడు అమ్మ అరచెయ్యి తీసుకుని, అలవాటు కొద్దీ ముందు నాలుక ఆనించి చూశాడు, ఆమెకు ఏమీ అర్థం కాలేదు. పెద్దది మొదటి నుంచి చివరిదాకా కథంతా చెప్పింది. నేను నా సంచి సర్దుకుంటున్నాను. కొంచెం కష్టంగానే ఉంది, దాచడం ఎందుకు. ఇంటికి పోతే నా చెయ్యి కోసం ఎవరూ వెతకరు.

వదిన మెట్ల దాకా వచ్చింది. ఏమనుకున్నావయ్యా అని అడిగింది. ఆమె మొహంలో వేళాకోళం లేదు.

"నాకిష్టమే. కానీ నన్నడగటం కాదు వదినా, ముందు ఆ పిల్లనడగమను. నేనొస్తే తనకి ఫరవాలేదా అని."

వదిన ఇట్టా అడిగేవాళ్ళను చూళ్ళేదంది. నా ఎదురుగానే ముప్పాళ్ళకు ఫోన్ చేసి ఆ మాట ఆ మాటగానే చెప్పింది. అవతల ఆమె పాపను అడిగి చెబుతానందట.

రెండు రోజులు ఏ కబురూ రాలేదు. ఆ రెండు రోజులూ కల్లంలో టిక్కీలు కుట్టించాను, లారీకి ఎత్తించాను, మధ్యమధ్య ఫోను తీసి చూసుకున్నాను. పిన్ని ఇంకేమీ అడగలేదు, నా వాలకం చూసి జాలిపడిందేమో. పిల్ల వద్దని ఉంటుంది, ఆ సంగతి చెప్పడానికి వాళ్ళమ్మ మొహమాటపడుతోంది అనుకున్నాను. వద్దంటే అది దాని హక్కు అని సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవడం పెద్దగా కుదరలేదు.

మూడోనాడు సాయంత్రం వదిన ఫోన్ చేసింది. పాప ఔననీ అనలేదట, కాదనీ అనలేదట. రెండు రోజులు ఆలోచించి, వాళ్ళమ్మను ఒకటే అడిగిందట.

"వాళ్ళింట్లో పడుకునేటప్పుడు లైటు తీసేస్తారా, ఉంచుతారా అనడిగిందంట. ఏం చెప్పమంటావు?" అంది వదిన.

నాకు చీకట్లో తప్ప నిద్ర పట్టదు.

"ఉంచుతామని చెప్పు వదినా" అన్నాను.